సూపర్ లీగ్ గొడవ
2021 ఏప్రిల్ 19 పొద్దున లేచి ఫోన్ చూస్తే కడుపు మండిపోయింది. యూరప్‌లో 12 పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు కలిసి సూపర్ లీగ్ అని సొంత టోర్నీ పెడతాయట, 15 టీమ్‌లకి సీటు పర్మనెంట్ అట, ఎంత చెత్తగా ఆడినా బయటికి పోయేదే లేదు, మిగతా వాళ్ళందరికీ కలిపి 5 ప్లేసులే! నేను ప్రాణం పెట్టే ఆర్సెనల్ కూడా అందులో ఉంది, అప్పుడేమో ఇంగ్లీష్ లీగ్‌లో తొమ్మిదో స్థానం. మరి 2016లో లెస్టర్ లాంటి చిన్న క్లబ్ ఆ లీగ్ టైటిల్ కొడితే అందరం అంత ఎందుకు ఎగిరినట్టు? మర్నాడు, ఆ 12లోనే ఉన్న చెల్సీ ఫ్యాన్స్ స్టేడియం బయట రోడ్డుకి అడ్డంగా నిలబడి టీమ్ బస్సు ఆపేస్తే, వాళ్ళ పాత గోల్‌కీపర్ పీటర్ చెక్ స్వయంగా వచ్చి కొంచెం టైమ్ ఇవ్వండి అని బతిమాలాడు, ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. తెల్లారేసరికి ఇంగ్లీష్ క్లబ్బులు ఆరూ వెనక్కి తగ్గాయి. ఆపింది ఫ్యాన్సే. ఆ ఓనర్లని మాత్రం నేను ఇప్పటికీ నమ్మను.