రెండేసి, మూడేసి ద్రాక్షపళ్లు

ఆదివారం మధ్యాహ్నం మా మెడికల్ షాపు షట్టరు దించాక మేడమీద నలుగురం కూర్చుని స్పానిష్ చదువుతాం. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో స్పానిష్ ఏమిటని చాలామంది అడిగారు. మా మరిది ఓడల్లో పనిచేస్తాడు. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు వాలెన్సియా రేవులో కొన్న పలచటి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పటికి రెండేళ్లుగా ఫోన్లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. "ఆపిల్ ఎర్రగా ఉంది", "మా అమ్మ టీచరు" లాంటి వాక్యాలు దాటి ఏమైనా చదవాలని ఉండేది. పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ఆగిపోయాను. ఆ పుస్తకం పేరు లాథరీయో దె తోర్మెస్. 1554లో అచ్చయింది. రాసినవారెవరో ఇప్పటికీ తెలియదు.

ఒక్కదాన్నే అయితే ఆ మొదటి పేజీలోనే ఉండిపోయేదాన్ని. రిటైరైన లెక్కల మాస్టారు బీపీ మాత్రలకి వచ్చి, కౌంటరు మీద ఆ పుస్తకం చూసి, "నేనూ కూర్చుంటానమ్మా" అన్నారు. మా కింద వాటాలో అద్దెకుండే ఒడియా కుర్రాడు, కాలేజీలో చదువుతున్నాడు, జిరాక్సులు తీయించి తెచ్చాడు. నాలుగో మనిషి సిస్టర్. కొండ మీద ఊరి నుంచి వచ్చిన సవర అమ్మాయి, నర్సుగా చేస్తోంది. పుస్తకం పేరు వినగానే "మా బైబిల్లో లాజరేనా అక్కా?" అంది. పేరు అదే. లాథరీయో అంటే చిన్న లాజరు.

వారానికి ఒక పేజీ, ఒక్కోసారి పన్నెండు లైన్లే. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు ఫోన్ తీయకూడదు. ముందు ఊహించాలి, ఆ తరవాతే నిఘంటువు. ఈ పద్ధతి మాస్టారు పెట్టారు. లెక్క చేసేముందు జవాబు ఎంత ఉండొచ్చో అంచనా వేయించేవారట పిల్లల చేత.

కథ చెప్తాను. సాలమాంకా దగ్గర తోర్మెస్ నది మీది మిల్లులో పుట్టిన పేద గుంటడు లాజరు. తల్లి పోషించలేక ఒక గుడ్డి ముష్టివాడి దగ్గర పనికి పెడుతుంది. ఆ ముసలాయన మహా తెలివైనవాడు, పిసినారి, కొడతాడు కూడా. గుంటడు బతకాలంటే ఆయన్ని మించిన తెలివి నేర్వాలి. ఒకచోట ముసలాయన ద్రాక్షసారా జాడీతో గుంటడి మొహం పగలగొట్టి, ఆ గాయాల్ని అదే సారాతో కడుగుతూ నవ్వుతాడు. నిన్ను జబ్బు చేసిందే నిన్ను బాగు చేస్తోంది అంటాడు. అది చదివిన రోజు సిస్టరూ నేనూ చాలాసేపు మాట్లాడలేకపోయాం. దెబ్బ కొట్టినవాళ్లే వచ్చి దూదీ, స్పిరిటూ కొనుక్కెళ్లడం నేను కౌంటరు వెనక నుంచి చూశాను.

గుంటడు ఆ ముసలాయన్ని "తీయో" అని పిలుస్తాడు. మావయ్యా అనొచ్చు, బాబాయీ అనొచ్చు. స్పానిష్‌లో రెండింటికీ ఒకటే మాట. మనకి ఎటో ఒకవైపు తేల్చుకోవాలి. ఒడియాలోనూ మాము వేరు, కకా వేరు. దానిమీదే అరగంట గడిచింది. దారిలో కలిసిన ముసలాయన్ని "మావా" అనడమే మన వాడుక అన్నారు మాస్టారు, అదే ఖాయం చేశాం. ముసలాయన గుంటణ్ణి "నువ్వు" అంటాడు. గుంటడు ఆయన్ని ఇంకాస్త మర్యాదగా "వోస్" అంటాడు. ఇక ఈ కథంతా ఎవరో పెద్దమనిషికి చెప్పుకుంటున్నట్టు రాసింది కాబట్టి ఆయన్ని "వుయెస్త్రా మెర్సెద్" అంటాడు. ఇప్పటి "ఉస్తెద్", అంటే మన "మీరు", దాన్నుంచి వచ్చిందే. మూడు మెట్లు! ఒడియా కుర్రాడు ఎగిరి గంతేశాడు. తు, తుమే, ఆపణ. మేం తెలుగులో నువ్వు, మీరు, తమరు అని సర్దుకున్నాం. "నాకిష్టం" అన్న మాటకీ ఇలాగే అయింది. ఇంగ్లీషు దారిలో వెళ్తే "మే గుస్తా" తలకిందులుగా అనిపిస్తుంది. తెలుగు దారిలో వెళ్తే అది సూటిగా "నాకు నచ్చుతుంది", అంతే.

ఇక ద్రాక్షపళ్ల సంగతి. అల్మొరోస్ అనే ఊళ్లో పళ్లు కోసే రోజులు. ఎవరో ముసలాయనకి ఒక గుత్తి భిక్ష వేస్తారు. బాగా మగ్గిన గుత్తి, సంచిలో వేస్తే చితికిపోతుంది. అందుకని ఇద్దరూ కూర్చుని పంచుకుందాం అంటాడు ముసలాయన. ఒకసారి నువ్వు, ఒకసారి నేను, ఒక్కోటే తీయాలి, మోసం లేదు. మొదలుపెట్టారు. రెండో విడతకే ముసలాయన మాట తప్పి రెండేసి తీయడం మొదలుపెట్టాడు. గుంటడు చూశాడు. వాడూ రెండేసి, ఆపైన మూడేసి, అందినన్ని తినేశాడు. గుత్తి అయిపోయింది. ముసలాయన ఉత్త కాడ పట్టుకుని కాసేపు తల ఊపి, లాజరూ, నన్ను మోసం చేశావు, మూడేసి తిన్నావు అన్నాడు. లేదు, ఎందుకలా అనుమానిస్తున్నారు అన్నాడు గుంటడు.

తరవాతి వాక్యం దగ్గర మేం రెండు ఆదివారాలు ఆగాం. "కొమీయా యో దోస్ ఆ దోస్ ఇ కయ్యాబాస్." "దోస్ ఆ దోస్" మాకు కష్టపడకుండా వచ్చేసింది. రెండేసి. ఒడియాలో దుయిటా దుయిటా. చివరి మాట దగ్గరే చిక్కు. "మౌనంగా ఉన్నావు" అన్నారు మాస్టారు. నేను "నోరెత్తలేదు" అన్నాను. "చుప్ రహిలు" అన్నాడు కుర్రాడు. ఏదీ సరిగా కుదరలేదు. వారం పాటు నా బుర్రలో తిరిగింది. ఒకరోజు షాపులో ఒకావిడ తన కొడుకు గురించి చెప్తూ, "వాడు చేసింది తెలిసీ నానూరుకున్నాను" అంది. ఊరుకోవడం! మాట్లాడకపోవడమూ, పోనిమ్మని వదిలేయడమూ రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. "మూడేసి తిన్నావని నాకెలా తెలిసిందో తెలుసా? నేను రెండేసి తింటుంటే నువ్వు ఊరుకున్నావు గదా."

ఆ ఆదివారం ఇది చెప్పి మెప్పు కోసం అందరి వైపూ చూశాను. సిస్టర్ తల వంచుకుని మెల్లగా, "యో తంబియెన్ కయ్యాబా" అంది. నేను కూడా ఊరుకుంటున్నాను, అని. పుస్తకంలో లేని వాక్యం ఆవిడ నోట రావడం అదే మొదటిసారి.

తరవాత చెప్పింది. నాలుగైదు వారాలుగా తనకి సగమే అందుతోందట. ఇంట్లో సవర, బళ్లో ఒడియా, డ్యూటీలో రోగుల దగ్గర విని నేర్చుకున్నది తెలుగు. మేమేమో గబగబా తెలుగులో అర్థం చెప్పేసుకుని పేజీ తిప్పేస్తున్నాం. తెలియని స్పానిష్ నుంచి, సగం తెలిసిన తెలుగులోకి, అక్కణ్ణుంచి తన భాషలోకి వెళ్లేసరికి మేం రెండు లైన్లు దాటిపోయేవాళ్లం.

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. ఆవిడ అడగడం మానేసిందని నేను ఎప్పుడో గమనించాను. మొదట్లో ప్రతి మాటకీ "అక్కా, ఇదేటి?" అనే మనిషి. అడగడం మానేసిందంటే అందడం మానేసిందనే గదా. తెలిసీ ఊరుకున్నాను, పేజీలు చకచకా అవుతున్నాయని.

ఆ రోజు మాస్టారు గిడుగు రామమూర్తి పంతులు గారి సంగతి ఎత్తారు. ఈ ఊళ్లోనే బడిలో పాఠాలు చెప్తూ, పుస్తకాలేవీ లేని రోజుల్లో సవర మాట్లాడేవాళ్ల దగ్గరే ఆ భాష నేర్చుకున్నారాయన. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. "ఆయన ఊళ్లో కూర్చుని మనం ఒక్క వాక్యానికైనా సవరలో ఏమంటారని అడగలేదమ్మా" అన్నారు మాస్టారు. ఆయన గొంతు వణికింది.

ఇప్పుడు వరస మారింది. వాక్యం చదవగానే ముందు సిస్టర్ తన భాషలో చెప్తుంది, తరవాత కుర్రాడు ఒడియాలో, ఆఖర్న మేం. పేజీ పట్టే చోట అర పేజీయే అవుతోంది. ఉచ్చారణలో మా నలుగురిలో ఆవిడే మేలు. చెవితో భాషలు నేర్చుకున్న మనిషి కదా, ఒకసారి వింటే చాలు.

ఈ మధ్య కుర్రాడు ఒక సంగతి వెతికి తెచ్చాడు. 1559లో ఈ పుస్తకాన్ని స్పెయిన్‌లో నిషేధించారు. బార్కరోతా అనే ఊళ్లో ఎవరో తమ ప్రతిని మరికొన్ని పుస్తకాలతో కలిపి గోడలో పెట్టి కప్పేశారు. ఇల్లు బాగుచేస్తుంటే అది 1992లో బయటపడింది. అదే ఏడాది అక్టోబరు 2న మా గజపతి జిల్లా ఏర్పడింది. ఈ రెండింటికీ సంబంధం లేదని తెలుసు, అయినా నాకు చెప్పాలనిపించింది.

మూడో అధ్యాయం పోయిన నెల పూర్తయింది. నాలుగోది ఒక్క పేరానే. లాజరు ఒక సన్యాసి దగ్గర చేరతాడు. జీవితంలో తొలిసారి చెప్పులు దొరుకుతాయి, ఎనిమిది రోజులైనా ఉండవు. అవి అరిగాయనీ, ఇంకా కొన్ని చిన్న సంగతులున్నాయి, అవి చెప్పననీ, అందుకే ఆయన్ని వదిలి వచ్చేశాననీ అంటాడు. అంతే.

"ఇది పది నిమిషాల పని, ఐదోదీ మొదలుపెడదాం" అన్నాను.

"వద్దక్కా. చెప్పనంటున్నాడు కదా. ఈ ఆదివారమంతా ఇదొక్కటే చదువుదాం" అంది సిస్టర్.