క్విన్ యూవర్స్ నిజంగా తేలిపోయాడా?

డల్లాస్ శివార్లలో స్థిరపడిన మా బోటి తెలుగువారికి శుక్రవారం రాత్రి హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ హోరు వద్దన్నా చెవిన పడుతుంది. క్విన్ యూవర్స్ పేరు నేను మొదట విన్నది ఆ హోరులోనే. సౌత్‌లేక్ కారల్ హైస్కూలు జట్టులో బంతి విసిరి దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగానే అతనికి ఫైవ్ స్టార్, అంటే అన్నిటికన్నా పై రేటింగు, దక్కింది. కాలేజీలు చేర్చుకునే ఆటగాళ్లకు రేటింగులు కట్టే 247స్పోర్ట్స్ ఉమ్మడి పట్టికలో నూటికి నూరు మార్కులూ పడ్డాయి. మన కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి పెరిగిన నాకు ఇదేమీ వింతగా తోచలేదు గానీ, ఇక్కడ పరీక్ష రాయకముందే ర్యాంకు వచ్చేస్తుంది.

కాలేజీ ఆటగాళ్లను ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా ఎంచుకునే 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో యూవర్స్ ఏడో రౌండు దాకా ఎదురుచూసి 231వ ఆటగాడిగా మయామీ డాల్ఫిన్స్ జట్టుకు వెళ్లాడు, దాంతో తేలిపోయాడన్న మాట పడ్డాడు. అదే డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలుపు అందుకున్న క్యామ్ వార్డ్ కూడా టెక్సస్ కుర్రవాడే, క్వార్టర్‌బ్యాకే. హైస్కూలు రోజుల్లో అతనికి ఒక్క స్టార్ కూడా లేదు. వెస్ట్ కొలంబియాలోని అతని బడి జట్టు బంతిని విసరడం కన్నా పట్టుకుని పరుగెత్తడాన్నే నమ్ముకున్నది కాబట్టి, అతని చేతిలోని సత్తా రేటింగులిచ్చేవారి కంట పడనే లేదు. శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న యూనివర్సిటీ చేరదీసింది. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్‌కు, ఆపైన మయామీ యూనివర్సిటీకి మారి, వార్డ్ మొత్తం 158 టచ్‌డౌన్ పాసులు (గోల్ లైను దాటించి పాయింట్లు తెచ్చేవి) విసిరాడు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి స్టార్లన్నీ బూటకమని తేల్చేయడం సులువే, కానీ అది లెక్క తెలియని మాట. డ్రాఫ్ట్ తొలి రౌండులో 32 పిలుపులు ఉంటాయి కనుక ఫైవ్ స్టార్లు కూడా ఏటా దాదాపు అంతమందే ఉండేలా 247స్పోర్ట్స్ చూసుకుంటుంది. త్రీ స్టార్లేమో వేలల్లో ఉంటారు. ఆ వేలమందిలోంచి కొందరు పైకి రావడం సహజం. ఒక్కొక్కరి అవకాశాన్ని విడిగా చూస్తే మాత్రం ఫైవ్ స్టార్ కుర్రవాడిదే ఎంతో పైచేయి. రేటింగు చెప్పేది ఆ అవకాశాన్నే. మనం దాన్ని హామీగా చదువుకుని, తర్వాత కుర్రవాణ్ణి నిందిస్తున్నాం.

పైగా యూవర్స్ చేసింది తక్కువేమీ కాదు. 2023లో టెక్సస్ యూనివర్సిటీ తరఫున టస్కలూసాకు వెళ్లి అక్కడి అలబామా యూనివర్సిటీ జట్టును 34-24తో ఓడించాడు. టెక్సస్ జట్టును కాలేజీల జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కు మొదటిసారి చేర్చి, వరుసగా రెండేళ్లు సెమీఫైనల్ ఆడించాడు. నూటికి నూరు మార్కులు లేని మరొకరు ఇదే చేసి ఉంటే, ఈ ఊళ్లో అతన్ని నెత్తిన పెట్టుకునేవారని నా అనుమానం.

2025 జనవరిలో ఒహాయో స్టేట్‌తో జరిగిన రెండో సెమీఫైనల్ నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. టెక్సస్ 21-14తో వెనుకబడి ఉంది. గోల్ లైనుకు ఎనిమిది గజాల దూరంలో, నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి ప్రయత్నంలో, యూవర్స్ పాస్ విసరబోతుండగా ఒహాయో ఆటగాడు జాక్ సాయర్ వచ్చి బంతిని ఊడగొట్టి, తానే అందుకుని 83 గజాలు పరుగెత్తాడు. టెక్సస్‌కు రాకముందు యూవర్స్ ఒహాయో స్టేట్‌లోనే ఉన్న కొద్ది నెలలూ వారిద్దరిదీ ఒకే గది. సాయర్ కూడా ఫైవ్ స్టారే. అతన్ని డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండు దాకా ఎవరూ పిలవలేదు.