అమ్మ ఛాతీ స్కాన్, మా ఇంటి కూలర్

హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల్ని సన్నటి ముక్కలుగా చూపించే సీటీ స్కాన్) అనగానే అందరికీ 2021 వేసవే గుర్తొస్తుంది, అప్పుడు ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే "స్కోరెంత, ఇరవై ఐదుకి?" అనే. దాంతో ఇదేదో కరోనా కోసం పుట్టిన పరీక్ష అన్న ముద్ర పడిపోయింది. కానీ ఊపిరితిత్తుల్లో గాలిగదుల చుట్టూ ఉండే పల్చటి కణజాలం దెబ్బతినే జబ్బుల్ని (డాక్టర్లు ఐఎల్‌డీ అంటారు) పట్టుకోవడానికి దీన్ని అంతకు ఎంతో ముందు నుంచే వాడుతున్నారు.

మా అమ్మకి తీయించింది కూడా అందుకే. తగ్గని పొడి దగ్గు, మేడ మెట్లెక్కితే ఆయాసం. కఫం పరీక్షలో టీబీ లేదు, ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనబడలేదు.

ఎక్స్‌రేలో ఛాతీ మొత్తం ఒకే నీడగా పడుతుంది. ఈ స్కాన్‌లో అయితే మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటరు మందాన ముక్కలు ముక్కలుగా చూస్తారు. అమ్మని వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి పడుకోబెట్టి తీశారు. ఎందుకంటే వెల్లకిలా పడుకున్నప్పుడు వీపు వైపు ఊపిరితిత్తి తన బరువుకే కాస్త అణిగి, జబ్బు ఉన్నట్టే మసగ్గా కనబడొచ్చు, బోర్లా తిప్పితే ఆ మసక పోతే అది జబ్బు కాదన్నమాట. తర్వాత ఊపిరి మొత్తం వదిలేసి ఆపమన్నారు. గాలి పోయాక బాగున్న భాగం తెల్లబడుతుంది, చిన్న గొట్టాలు మూసుకుపోయిన చోట గాలి ఇరుక్కుని నల్లగానే ఉండిపోతుంది. రోగం జాడ దొరికేది సరిగ్గా అక్కడే, కానీ దగ్గే మనిషికి ఊపిరి ఆపడమంత నరకం ఇంకోటి లేదు! ఇంటి దగ్గరే నాలుగు రోజులు సాధన చేయించండి. ఈ స్కాన్‌కి సాధారణంగా రంగు ఇంజక్షన్ అక్కర్లేదు.

రేడియేషన్ సంగతా? అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్న రణదీప్ గులేరియా 2021 మేలో ఒక సీటీ 300-400 ఎక్స్‌రేలతో సమానం అంటే, రేడియాలజిస్టుల సంఘం అది పాతకాలం లెక్క అని గట్టిగానే ఖండించింది. అవసరం ఉంటే భయపడక్కర్లేదు, ఊరికే "ఓసారి చూద్దాం" అని మాత్రం తీయించుకోవద్దు.

రిపోర్టులో గ్రౌండ్ గ్లాస్ (మసక మచ్చలు), ఎయిర్ ట్రాపింగ్ (ఇందాక చెప్పిన గాలి ఇరుక్కోవడం) అని రాశారు. నేను గూగుల్‌లో వెతుక్కుంటూ టెన్షన్ పడుతుంటే, పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) మాత్రం ఫిల్ములు పక్కన పెట్టి "ఇంట్లో కూలర్ ఉందా? బాల్కనీలో పావురాలు వాలతాయా?" అని అడిగారు. రెండూ ఉన్నాయి! హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పావురాల్లేని బాల్కనీ ఎక్కడుంది?

పావురాల రెట్టల దుమ్ము, కూలర్ గడ్డిలో పట్టే బూజు కొందరికి అస్సలు పడవు, ఊపిరితిత్తులు వాచిపోతాయి. దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. మన దేశంలో 27 ఆసుపత్రుల్లో వెయ్యికి పైగా ఐఎల్‌డీ రోగుల వివరాలు సేకరించి 2017లో అచ్చేసిన అధ్యయనంలో దాదాపు సగం మందికి ఇదే ఉంది, వాళ్లలోనూ సగానికి దగ్గరగా కూలర్ గాలి పీల్చినవాళ్లే. అంటే స్కాన్ ఎంత సన్నగా కోసి చూపించినా, ఇంట్లో ఏముందో అడిగే డాక్టరు లేకపోతే సగం పనే అయినట్టు.

కూలర్ ఎత్తేశాం, బాల్కనీకి వల కట్టించాం, మందులు నడుస్తున్నాయి. ఇప్పుడు ఎక్కువగా ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే, గొట్టంలోకి ఊదే పరీక్షతోనే చూస్తున్నారు, అందులో తేడా వస్తేనే మళ్లీ స్కాన్ అన్నారు. మీరు తీయించుకుంటే ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తెచ్చుకోండి, ఆ సన్న ముక్కలన్నీ కంప్యూటర్‌లోనే బాగా కనబడతాయి.