చిత్తూరులో రెండు గన్‌లు, రెండు గంటలు

అమ్మ మొక్కు తీర్చాలని బెంగళూరు నుంచి తిరుపతికి మా ఎలక్ట్రిక్ కారులోనే బయల్దేరినాం. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఒకటే ఖుషీ, దిగుడులో మోటారే బ్యాటరీ నింపుతుంది కదా, శాతం తగ్గనే లేదు. ఆ ఖుషీ చిత్తూరు దాకే. 22 శాతంతో చేరినాం. యాప్‌లో పచ్చగా చూపించిన చార్జర్ దగ్గరికి పోతే ఒక గన్ (కారుకి తగిలించే పెద్ద ప్లగ్గు) చచ్చి ఉంది, రెండోది తగిలించిన కారు 93 దగ్గర పాకుతా ఉంది, ఓనరేమో భోజనానికి పోయినాడంట. 80 దాటితే బ్యాటరీ దెబ్బతినకుండా కారే కరెంటు తగ్గించుకుంటుంది, అది తెలిసినోడెవడూ రోడ్డు మీద 100 దాకా పెట్టడు.

మా బావమరిది ఆ ఊళ్ళోనే ఉంటాడు, ఇదే కారుకి అడ్వాన్స్ కట్టబోతా మమ్మల్ని చూడ్డానికి వచ్చినాడు. రాకపోయుంటే బాగుండు.

"బావా, పెట్రోలు బంకులో ఎప్పుడన్నా ఇంతసేపు నిలబడినావా?"

నేను నోరెత్తే లోపే అమ్మ, "మీ తాత చెరుకు తోటలో త్రీఫేజు కరెంటు కోసం కాచుకున్నట్టుండాది రా" అనింది. నిజమే, మోటారు షెడ్డు ముందర నులకమంచం, బల్బు వెలిగితే అర్ధరాత్రయినా లేచి పరిగెత్తడం.

ఆ కారు ఓనరు తీరిగ్గా వచ్చి గన్ తీసినాక మాది 30 కిలోవాట్ల చార్జర్‌లో ఇంకో గంట. యూనిట్ 20 రూపాయల పైనే, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇంట్లో అయితే అందులో సగం కూడా కాదు. కారు కొనేటప్పుడు 5 శాతమే, నడపాలంటే 18, ఏం లెక్కో!

దర్శనం బాగా అయింది. తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు, 2022 నుంచి తిరగతా ఉండాయి, చప్పుడు లేకుండా దాటిపోయినాయి. వాటికి డిపోలోనే చార్జర్లు, మా మాదిరి వెతుక్కునే ఖర్మ లేదు. కొండ దిగేసరికి మాకు 4 శాతం ఎక్కింది. రాత్రి లాడ్జీ వాచ్‌మన్ 150 తీసుకుని 15 ఆంప్స్ ప్లగ్గు చూపించినాడు, పొద్దున టిఫిన్ అయ్యేసరికి బ్యాటరీ నిండింది. ఇట్లాంటి ప్లగ్గు పార్కింగ్‌లో పెట్టించుకుంటానంటే మా అపార్ట్‌మెంట్ వాళ్ళు నాతో ఏడు నెలలు తగువు పడినారు.

పోయిన వారం బావమరిది ఫోటో పంపినాడు. ఆ చచ్చిన గన్‌కి గోనెసంచి చుట్టినారు. అడ్వాన్స్ సంగతి నేను అడగలేదు.