షటిల్ కంటికి తగిలాక

బ్యాడ్మింటన్ డబుల్స్‌లో నెట్ దగ్గర ఉన్నవాడు వెనక్కి తిరిగి చూడకూడదని ఆట నేర్చుకున్న మొదటి వారంలోనే చెప్పారు. ఆ సాయంత్రం చూశాను. వెనకాల మావాడు స్మాష్ కొడతాడా, డ్రాప్ వేస్తాడా అని ఆత్రం. తల సగం తిరిగిందో లేదో, షటిల్ సూటిగా వచ్చి కుడికంట్లో తగిలింది.

16 ఈకలూ ఒక బెండూ, అంతా కలిపి 5 గ్రాములకు కాస్త అటూఇటూ. దానికి దెబ్బేమిటి అనుకుంటాం. పెద్ద బంతి తగిలితే కంటి చుట్టూ ఉన్న ఎముకే చాలావరకు కాచుకుంటుందట. షటిల్ బెండు అడ్డంగా కొలిస్తే 25 నుంచి 28 మిల్లీమీటర్లే, ఎముకల మధ్య దూరి నేరుగా గుడ్డును కొడుతుంది. 2023లో మన బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు కొట్టాడు. మావాడి స్మాష్ అందులో సగం కూడా ఉండదు. కానీ నేనున్నది ఆరేడు అడుగుల దూరంలో.

నొప్పికన్నా చూపే భయపెట్టింది. అంతా ఎర్రటి పొగలోంచి కనిపిస్తోంది. మావాడు ఐస్ తెచ్చి కంటిమీద అదమబోతే పక్క కోర్టులో ఆడుతున్న పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. గుడ్డు చిట్లి ఉంటే కొంచెం నొక్కినా ప్రమాదమట. నలపనివ్వలేదు, కడగనివ్వలేదు. కాగితం కప్పు అడుగుభాగం కత్తిరించి, కంటికి తగలకుండా పైన పెట్టి టేపు వేసి పంపించాడు.

ఆస్పత్రిలో స్లిట్ ల్యాంప్ అనే, కంటిని పెద్దదిగా చూపే పరికరం ముందు గడ్డం ఆనించి కూర్చున్నాను. నల్లగుడ్డు లోపల రక్తం చేరిందన్నారు. హైఫీమా అని పేరు. తర్వాత అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు అడుగున సన్నటి ఎర్రగీత, సీసా అడుగున మిగిలిన సిరాలాగా. తల ఒరిగిస్తే అదీ ఒరిగింది. రెండోసారి చూసే ధైర్యం చాల్లేదు. కంటిలో ఒత్తిడి 29 మిల్లీమీటర్లు (పాదరసం లెక్కన) ఉంది. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలి.

తర్వాత ఐదు రోజులు దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్ర. కంటికి ప్లాస్టిక్ షీల్డు, స్టెరాయిడ్ చుక్కలు, అట్రోపిన్ చుక్కలు. అట్రోపిన్‌తో కంటిపాప విచ్చుకుని వెలుతురు సూదుల్లా గుచ్చేది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ముట్టుకోవద్దు, వాటితో మళ్లీ రక్తం కారొచ్చన్నారు. నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే. మూడోరోజుకి చూపు తేటపడింది. ఇంకేముంది, తగ్గిపోయిందని లేచి తిరిగాను. డాక్టరమ్మ బాగా చీవాట్లు పెట్టింది. మళ్లీ రక్తం కారేది ఎక్కువగా రెండో రోజుకీ ఐదో రోజుకీ మధ్యేనట. అంటే బాగుందనిపించిన రోజే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన రోజు.

రెటీనాకి ఏమీ కాలేదు. నెల తర్వాత కంటికి అద్దం ఆనించి లోపలి కోణం చూశారు. నీరు బయటికి పోయే దారి పక్కన కొంత మేర చిరిగిందట. ఇప్పటికిప్పుడు ఇబ్బంది లేదు కానీ ఏళ్ల తర్వాత కూడా గ్లాకోమా, అంటే కంటినరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు, రావచ్చు, ఏటా ఒత్తిడి చూపించుకోవాలన్నారు. దెబ్బకన్నా ఆ మాటే గట్టిగా తగిలింది.

మళ్లీ ఆడుతున్నాను, పాలికార్బనేట్ గాగుల్స్ పెట్టుకుని. మామూలు కళ్లజోడు ఐతే పగిలి అదే కంట్లో గుచ్చుకోవచ్చు. మావాడు మాత్రం ఇప్పుడు స్మాష్‌కి ముందు "తిరక్కురా!" అని అరుస్తాడు. అవతలివాళ్లు వెంటనే వెనక్కి జరుగుతారు. పాయింట్లన్నీ అక్కడే పోతున్నాయి.