పోస్టాఫీసులో కోడిపిల్లలు

శనివారం

పాస్‌పోర్టు రెన్యూవల్ కాగితాలు పంపాలని పొద్దున్నే పోస్టాఫీసుకి పరిగెత్తాను. శనివారం కౌంటర్ తొందరగా మూసేస్తారు. లైన్లో నిలబడ్డానో లేదో, లోపలి గదిలోంచి కిచకిచమని ఒకటే గోల. నా ముందున్న పెద్దాయన తన పేరు చెప్పగానే కౌంటర్లో ఆవిడ లోపలికెళ్లి, చుట్టూ కన్నాలున్న అట్టపెట్టె పట్టుకొచ్చింది. నిండా కోడిపిల్లలు. పోస్టులో వచ్చాయట.

అమెరికాలో, ఈ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా, నాకీ సంగతి తెలీదు. ఇక్కడి తపాలా శాఖ 1918 నుంచీ ఈ పని చేస్తోంది. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల కడుపులో పచ్చసొన కొంచెం మిగిలి ఉంటుంది. దాంతో మూడు రోజుల దాకా మేత, నీళ్లు లేకపోయినా బతుకుతుంది. పార్సిల్ ఆ గడువులో చేరిపోవాలి, అంతే.

మధ్యాహ్నం తెనాలికి ఫోన్ చేసి చెబితే అమ్మ మొదట అడిగింది, "బతికున్నవేనా?" అని. తర్వాత ఆవిడకి వాళ్ల నాన్నగారి వీపీలు, అంటే పోస్టుమాన్‌కి డబ్బు కట్టి విడిపించుకునే పార్సిళ్లు, గుర్తొచ్చాయి. తాతయ్య పూనా నుంచి కాలీఫ్లవర్ గింజలు, పూలమొక్కల గింజలు వీపీలో తెప్పించేవారు. పోస్టుమాన్ వాకిట్లో నిలబడి "వీపీ వచ్చిందండీ" అంటే చాలు, అమ్మమ్మ వంటింట్లోంచే "ఈసారి ఎంతట?" అని అరిచేదట. మన దేశంలో ఈ వీపీ పద్ధతి 1877లోనే మొదలైంది. అమ్మ వాళ్లకి మాత్రం అది తాతయ్య జబ్బుల్లో ఒకటి.

మామయ్య కథ వేరు. పత్రికలో గళ్లనుడికట్టు లాంటిదేదో నింపి పంపితే రేడియో బహుమతి, ప్యాకింగ్ ఖర్చు కడితే చాలన్నారు. వీపీ విడిపించుకుని పెట్టె తెరిస్తే, కాగితాల్లో చుట్టిన ఇటుక! వీపీలో ఉన్న చిక్కే అది. ముందు డబ్బు కట్టాలి, ఆ తర్వాతే పెట్టె విప్పాలి. "ఇటుక మాత్రం మంచిదే, తులసికోట దగ్గర చాలా ఏళ్లు ఉంది" అంది అమ్మ.

ఫోన్ పెట్టేశాక బట్టలు మడతపెట్టాల్సింది పోయి, సియర్స్ రోబక్ వాళ్ల 1902 క్యాటలాగ్ స్కాన్ తెరిచి కూర్చున్నాను. షికాగో కంపెనీ, క్యాటలాగ్ చూసి ఉత్తరం రాస్తే సరుకు ఇంటికి పంపేవాళ్లు. రిచర్డ్ సియర్స్ అసలు మిన్నెసోటాలో ఒక చిన్న రైల్వే స్టేషన్ ఏజెంటు. 1886లో ఊళ్లో నగల వర్తకుడు వద్దన్న గడియారాల పార్సిల్ తనే తీసుకుని, లైను పొడుగునా ఉన్న స్టేషన్ ఏజెంట్లకి అమ్మేశాడు. అక్కడ మొదలైంది ఈ వ్యాపారం.

నవ్వుకుందామనే తెరిచాను, నవ్వుకున్నాను కూడా. మగవాళ్ల నీరసం పోగొడుతుందంటూ నడుముకి కట్టుకునే హైడెల్బర్గ్ కరెంటు బెల్టు. అందులో పెద్దది 18 డాలర్లు! ముఖం తెల్లగా అవడానికి ఆర్సెనిక్ బిళ్లలు, అంటే సాక్షాత్తూ పాషాణం. ఆ కాలపు క్యాటలాగుల్లో నల్లమందు కలిసిన లాడనమూ దొరికేది, నల్లమందు అలవాటు మాన్పించే మందూ దొరికేది. రెండూ ఒకే కొట్టువాడు అమ్ముతున్నాడంటే బేరం ఎటు పోయినా వాడిదే కదా. 1906లో ఆహార, ఔషధాల చట్టం వచ్చాకే ఈ మందులవాళ్లకి కొంచెం ముక్కుతాడు పడింది.

సమాధి రాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగింది. పాలరాతి పలకల బొమ్మలు, రేటు, చెక్కాల్సిన మాటలకి అక్షరాల లెక్కన డబ్బు. చెట్టూ చేమా లేని మైదానంలో, పక్కింటికి వెళ్లాలంటే బండి కట్టాల్సిన చోట పిల్లో పెద్దో పోతే రాయి చెక్కేవాణ్ని ఎక్కడ వెతుకుతారు? లెక్క చూసుకుని, ఎన్ని మాటలు రాయించగలరో అన్నే రాసి పంపుతారు. బెల్టు కొన్నవాడి మీద జోకులెయ్యొచ్చు గానీ, ఈ పేజీకి ఆర్డర్ ఫారం నింపినవాళ్ల మీద ఏం వేస్తాం?

ఆ క్యాటలాగులో నాకు బాగా నచ్చింది వస్తువు కాదు, ఆర్డర్ ఎలా పంపాలో చెప్పిన ముక్క. మీకు తోచినట్టు రాయండి, ఏ భాషలోనైనా ఫర్వాలేదు, చేతిరాత బాగా లేకపోయినా ఫర్వాలేదు అన్నారు. స్వీడన్ నుంచో జర్మనీ నుంచో వచ్చి ఇంగ్లిష్ రాక కొట్లో నోరు విప్పలేని రైతుకి ఈ మాట ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో! అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లకైతే ఇంకా ఎక్కువ. ఊళ్లో ఉన్న ఒక్క కొట్లో తెల్లవాళ్లందరికీ ఇచ్చాక గానీ వీళ్ల వంతు రాదు, వచ్చినా కొట్టువాడు ఇచ్చిందే సరుకు, రాసిందే అప్పు. పోస్టులో తెప్పించుకుంటే కొనేవాడి రంగు అమ్మేవాడికి కనపడదు. అందుకే ఊరి వర్తకులకి ఒళ్లు మండింది. క్యాటలాగులు పోగేసి తగలబెట్టించారు, సియర్స్ అసలు నల్లవాడేనని పుకార్లు పుట్టించారు. మన ఊళ్లలోనూ ఒక్క కొట్టు, ఒక్క అప్పు పుస్తకం ఉన్న రోజులు అమ్మకి బాగా తెలుసు. కానీ తాతయ్య తెప్పించుకున్నవి గింజలే, కందిపప్పూ నూనే కాదు గనక మా ఊరి కొట్టాయన ఏమీ అనలేదట.

ఇళ్ల సంగతి రాయకుండా నిద్ర పట్టదు. 1908 నుంచి 1940 దాకా సియర్స్ ఏకంగా ఇళ్లు కూడా అమ్మింది, 70,000కి పైగా. కొలతల ప్రకారం కోసి నంబర్లు వేసిన చెక్క, మేకులు, రంగు డబ్బాలు అన్నీ రైలు పెట్టెలో వచ్చేవి. ఒక్కో ఇంటికి దాదాపు 30,000 ముక్కలు. పుస్తకం చూసుకుంటూ కట్టుకోవడమే. పోయిన వేసవిలో సెయింట్ లూయిస్ గుడికి వెళ్తూ కార్లిన్‌విల్‌లో ఆగి కాఫీ తాగాం. అక్కడ 1918లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ బొగ్గు గని పనివాళ్ల కోసం 156 సియర్స్ ఇళ్లు కట్టించింది. ఎనిమిదే నమూనాలు. చాలావాటిలో ఇప్పటికీ కాపురాలున్నాయి. మా ఆయన మాత్రం "ఇవా? మామూలు ఇళ్లేగా" అన్నారు. నిజమే, వాటి గొప్పంతా మామూలుగా ఉండటంలోనే ఉంది.

ఇళ్ల అమ్మకం ఆపేశాక కంపెనీ ఆ రికార్డులు పారేసింది. అందుకే ఇప్పుడు ఏది సియర్స్ ఇల్లో తేలాలంటే బేస్‌మెంట్‌లో దూలాల చివర్లు టార్చి వేసి చూడాలి, అక్షరమూ అంకెలూ ముద్ర వేసి ఉంటాయేమోనని. ఇక్కడే ఒక పాత ఇల్లు బేరం చేస్తున్న స్నేహితురాలికి సాయంత్రం ఇదంతా మెసేజ్ పెట్టాను. సోమవారం ఇన్‌స్పెక్షన్ ఉంది కదా, టార్చి తీసుకెళ్లమన్నాను.

"ముందు ఆ బేస్‌మెంట్‌లో నీళ్లు ఎక్కణ్నుంచి కారుతున్నాయో చూడనీ తల్లీ" అని జవాబిచ్చింది.