ఓడలో మన టేబుల్

విజయవాడ పటమటలో మా అమ్మ వరండాలో గోంగూర కట్టలు విప్పుకుని కూర్చుంది. పక్కన మా పదకొండేళ్ళ పెద్దది ఐప్యాడ్‌లో ఓడల బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తోంది. "తెలుగులో చెప్పవే తల్లీ" అంటే దానికి స్లైడ్‌ని ఏమంటారో తెలీదు. "జారుడుబల్ల" అని నేనందించాను. "ఓడ మీద జారుడుబల్లేమిటే!" అని అమ్మ ఆకు తుంచడం ఆపేసింది.

వచ్చే వేసవికి అమ్మానాన్నా మా దగ్గరికి, డాలస్‌కి వస్తున్నారు. ఆరుగురం కలిసి నాలుగు రాత్రులు సముద్రం మీద గడపాలని ప్లాను. ఏ కంపెనీ ఓడ అన్న దగ్గరే తగువు.

పెద్దది రాయల్ కరీబియన్ పక్షం. వాళ్ళ 'ఐకాన్ ఆఫ్ ద సీస్' 2024 జనవరిలో మయామి నుంచి మొదటిసారి బయల్దేరింది. 20 డెక్కులు (అంతస్తులు), నీళ్ళ పార్కులో 6 స్లైడ్లు, నిండితే 7,600 మంది ప్రయాణికులు. "మా ఊరు ఊరంతా ఎక్కినా ఇంకా చోటు మిగుల్తుంది" అన్నారు నాన్న. ఆయన మోకాళ్ళ సంగతి తెలిసిన నాకు మాత్రం గది నుంచి భోజనాల హాలు దాకా నడక కళ్ళ ముందు కనిపించింది. మావారిది కార్నివాల్. వాళ్ళ ఓడ బయల్దేరే గాల్వెస్టన్ రేవుకి మా ఇంటి నుంచి కారులో ఐదు గంటలు, విమానం టికెట్లు తప్పుతాయి, ఛార్జీ కూడా తక్కువ. అయితే ఏ ఓడైనా టికెట్ ధర చూసి మురిసిపోకూడదు. టిప్పులని రోజుకి మనిషికింతని బిల్లులో పడుతుంది, పిల్లలకీ కలిపి. కూల్‌డ్రింకులకి కార్నివాల్‌లో, రాయల్‌లో విడిగా కట్టాలి. డిస్నీ వాళ్ళ ఓడల్లో భోజనంతో పాటే ఇస్తారు, కానీ అసలు టికెట్టే గుండె గుభేల్‌మనిపిస్తుంది.

నార్వేజియన్ అని ఇంకో కంపెనీ ఉంది, వాళ్ళ ఓడలో భోజనానికి వేళ లేదు, ఫలానా టేబుల్ అని లేదు, ఎప్పుడు తోస్తే అప్పుడు తినొచ్చు అని చెప్పాను. "అది మీ ఇంట్లో రోజూ ఉన్నదేగా, డబ్బు పోసి అక్కడికెందుకు?" అంది అమ్మ. కాస్త గుచ్చుకుంది. నిజమే, డాలస్‌లో నలుగురం ఒక్కసారి కంచాల ముందు కూర్చునేది వారానికి రెండు రోజులేమో.

కిందటేడు ఒక ఓడ ఎక్కాం, పేరెందుకు లెండి. శాకాహారులమని ముందే రాసిచ్చినా మూడు రాత్రులు ఉడకబెట్టిన కారట్లే. అంతకన్నా బాధేమిటంటే, చిన్నవాణ్ణి పొద్దున్నే పిల్లల క్లబ్బులో దింపితే రాత్రికి గానీ బయటికొచ్చేవాడు కాదు. క్లబ్బులు ఉచితం, పిల్లలకి సరదా, మాకు విశ్రాంతి, కాదనను. ఈసారి మాత్రం అమ్మమ్మా తాతయ్యా అంత దూరం వచ్చాక వాళ్ళని డెక్కు మీద కూర్చోబెట్టి వీణ్ణి క్లబ్బులో వదిలేస్తే ఇక ఎందుకొచ్చినట్టు?

అందుకే నా మనసు డిస్నీ వైపు మొగ్గింది, వాడు అడిగే మిక్కీ కోసం కాదు. అక్కడ రోజుకో రెస్టారెంటు మారుస్తారు, వడ్డించేవాళ్ళు మాత్రం మారరు, మనతో పాటే వస్తారు. ఇది విని అమ్మ మొహం విప్పారింది. "అంటే రెండోరోజుకి నాకు పెరుగు ముందే తెచ్చి పెడతాడన్నమాట." మూడోరోజుకి అతని పెళ్ళయిందో లేదో కూడా ఈవిడ కనుక్కుంటుంది. భాష రాకపోయినా సరే.

"మరి ఆవకాయ?" అంది. ఇంట్లో చేసినవి ఓడలోకి రానివ్వరని చెప్పాను. సీలు తియ్యని పొట్లాలైతే చాలా కంపెనీలు కొంచెం పట్టుకెళ్ళనిస్తాయి. అమ్మ వెంటనే నాన్నని కేకేసింది, సీలు వేసిన కారప్పొడి ఏ కొట్లో దొరుకుతుందో కనుక్కోమని. పెద్దది ఐప్యాడ్ మూసేసి గోంగూర కట్ట ఒకటి తన ముందుకి లాక్కుంది. "అమ్మమ్మా, కాడలు కూడా వెయ్యాలా?" తెలుగులోనే అడిగింది.